వీరయ్య సేటు గేరుబాక్సు

సూర్యాపేటలో హైవే పక్కన నీరజ సొంతంగా నడిపే మెకానిక్ షెడ్డు. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని వీరయ్య ఆటోమేటిక్ కారు గుంత మీద నిలబడి ఉంది. గుంతలో దిగి పనిచేస్తున్న మనిషి పైకి కనిపించడు.

“మళ్ళ మీటరా? పొద్దుగాల్ల సంది అదే మీటరు! నువ్వు బండి బాగుచేస్తున్నవా, జొరం సూస్తున్నవా?”

“జొరం సూడంది మందెట్ల ఇస్తరు సేటు? జర ఆగుండ్రి.”

“మగోళ్ళు లేరా నీ షెడ్డుల?”

“ఉన్నడు, కింద. పని చేస్తున్నడు, మాట్లాడుతలేడు.”

“కోదాడల పెద్ద మెకానిక్కు సూసినంక గూడ గీడికొచ్చిన సూడు, నాది బుద్ధితక్కువ.”

“ఏమన్నడు ఆయన?”

“‘గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సిందేనండీ’ అన్నడు.”

“ఇప్పి సూసిండా?”

“పెద్ద మెకానిక్కు! ఆయనకు ఇప్పే పనేంది?”

“అవునవును. ఇప్పి సూసే కర్మ మా అసోంటోళ్ళదే. సరే, బండి ఏం చేస్తుందో మీ నోటితోని చెప్పుండ్రి.”

“రెండో గేరుల నుంచి మూడో దాంట్లకు పోతుంటే ఎవడో ఎనకనుంచి గుద్దినట్టు జటుక్కుమంటది. ఇగ గాడికెల్లి ఒక్క గేరుల్నే పడుంటది, ఎంత తొక్కినా ఉరకది. నిడమనూరు కాడ ట్రాక్టరు నన్ను దాటిపోయింది. గడ్డి ట్రాక్టరు!”

“గేరు లైటు కొట్టుకుంటుందా?”

“కొట్టుకుంటుంది. అంతా ఆ సక్రుగాని పని.”

“ఎవరు సేటు?”

“నా డ్రైవరు. తండాల నుంచి తెచ్చి పదకొండేండ్లు సాకిన. కొత్త బండి చేతికిస్తే గేరుబాక్సు కరాబు చేసిండు. ఎల్లగొట్టిన. మిర్యాలగూడల ఎవ్వడు వానికి తాళంచెవి ఇయ్యకుండ చెప్పిన.”

“ఎవరెవరికి చెప్పిండ్రు?”

“అందరికి. మిల్లర్ల మీటింగుల మైకు పట్టి చెప్పిన. ఏందా సప్పుడు?”

“ఏం లేదు. కింద పానా జారింది.”

“నీ పనోడు గూడ వాని లెక్కనే ఉన్నట్టున్నడు. చేతుల పట్టు లేదు.”

“సేటు, గీడ సూడుండ్రి. ఏ గేరు పడాల్నంటే ఆ దారికి ఆయిల్ వదిలేటియి ఇవి. సోలినాయిడ్లంటరు. కరెంటుతోని తెరుసుకుంటయి, మూసుకుంటయి. సాగర్ కాలువ తూము లెక్క.”

“తూముల సంగతి నాకు చెప్తవా!”

“బండికి తగిలించిన కంప్యూటరు వీటిల ఒక్కదాని పేరే చెప్పింది. దాని మాట పట్టుకొని మార్చేస్తే నాకు, కోదాడ పెద్దమనిషికి ఫరకేముంది? అందుకే వైర్లు సూసిన, మంచిగున్నయి. ఇప్పుడు మీటరు పెడుతున్న. ఇది పన్నెండు, మంచిగున్నది. ఇది గూడ పన్నెండు. మరి ఇది?”

“ఏం సూపెడ్తలేదు.”

“లోపల తీగ తెగింది. అరచేతిల పట్టే వస్తువు. గేరుబాక్సు గట్టిగనే ఉన్నది.”

“తెగుతది మరి! వాడు ఎడాపెడా తొక్కితే తెగదా?”

“తొక్కితే తెగది, వేడికి తెగుతది. ఆయిల్ వాసన సూడుండ్రి.”

“థూ! మాడిన చారు.”

“ఎప్పుడు మార్చిండ్రు?”

“టైముకే మారుస్త. ఇంజనాయిల్…”

“గేరుబాక్సుది అడుగుతున్న.”

“…దానికి గూడ మార్చాల్నా?”

“డ్రైవరు చెప్పలేదా?”

“ఆఁ… ఏదో అన్నడు. రెండుమూడుసార్లు అన్నడు. ‘నాకు నేర్పేటోనివా’ అన్న.”

“అంటే ఆయన తప్పేం…”

“అంటే లేదు, గింటే లేదు! నువ్వు పని కానియ్.”

మర్నాడు మధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చిన సోలినాయిడు బిగించి, కొత్త ఆయిల్ పోశారు. వీరయ్య కోదాడ రోడ్డు మీద కారు నడిపి చూసుకొని వచ్చాడు.

“గేరు మారింది గూడ తెలుస్తలేదు! సిన్నపిల్లవైనా ఒప్పుకుంటున్న, పనిమంతురాలివే.”

“నేను మీటరు పెట్టిన, గంతే. నిన్న మీ బండి ఒక్క గేరుల్నే మూల్గుకుంట గేటు దాటుతుంటేనే, ఆ సప్పుడు విని ‘సోలినాయిడు పోయింది’ అన్నది గుంతల ఉన్నాయన.”

“ఉత్తగ వినుడుతోనేనా?”

“వినుడుతోనే. నా దగ్గర చేరి నెలైతుంది.”

“గిసోంటోడు గుంతల ఉండుడేంది? నాకు నాలుగు లారీలు, రెండు కార్లు. అన్ని వాని చేతుల పెడ్త. నువ్వు అలిగినా సరే!”

“నేనెందుకు అలుగుత? మీరే అడుగుండ్రి.”

“ఓ పెద్దమనిషీ! మిర్యాలగూడ వస్తవా? కడుపుల పెట్టుకొని సూసుకుంట. నీ అసోంటోడు నాకు ఇన్నేండ్లల్ల ఒక్కడు దొరకలే. పైకి రా, మొకం సూడనియ్!”

“పైకొస్తే మళ్ళ ఎల్లగొడ్తరేమో సేటూ. నేను సక్రును.”