గంజి పెట్టిన ప్యాంటు సెంచరీ

తొంభై ఒకటో సంవత్సరం, చలికాలం. ఆ శనివారం సాయంత్రం టీ కొట్టు రేడియోలో మన జట్టు యాభై రెండు పరుగులకి ఆరు వికెట్లు పోగొట్టుకుని ఉంది. బయట బల్లల మీద మేము తలలు పట్టుకుని ఉన్నాం. మాకు ఇంకో దిగులు కూడా ఉంది. తెల్లారితే మా వీధికీ ప్రెస్సు వీధికీ మ్యాచ్. గెలిచిన వీధికి ఏడాది పాటు ఆదివారాలు గ్రౌండు. మా కెప్టెన్ మా అల్లుడే, బస్సు డిపోలో మెకానిక్కు. మా బ్యాటింగూ జాతీయ జట్టు బ్యాటింగులాగే ఉంది, ఒకడు వెళ్తే వెనకే అందరూ వెళ్ళిపోతారు. రేపటి బ్యాటింగు వరస ఎవరు రాయాలన్నది తేలలేదు. కాగితం, పెన్సిలు అల్లుడి ముందున్నాయి. అవి నాకు కావాలి. పెళ్ళయి ఆరేళ్ళయినా అల్లుడు నన్ను ఒక్క సలహా అడిగిన పాపాన పోలేదు.

అందుకని మొదలుపెట్టాను.

"ఆ రేడియో కాస్త తగ్గించమ్మా" అన్నాను కొట్టు నడిపే ఆమెతో. "ఈ ఆరుగురు ఎందుకు అవుటయ్యారో ఆ కామెంటరీ చెప్పేవాడికి తెలియదు, నాకు తెలుసు. బ్యాట్స్‌మన్ సంగతి తెలియాలంటే గ్రౌండుకి పోనక్కర్లేదు, వాడి ప్యాంటు ఇటు పడేస్తే చాలు. స్టేడియం ఎదురు హోటల్లో లాండ్రీలో పదకొండేళ్ళు చేశాను నేను. టెస్టు ఉన్నప్పుడు జట్టంతా అక్కడే దిగేది. సాయంత్రమయ్యేసరికి తెల్ల ప్యాంట్లన్నీ మూటగా నా ముందుకొచ్చేవి, నడుం పట్టీ లోపల దారంతో కుట్టిన నంబర్లు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళుంటారు చూడు, నాకు ఆవలించక్కర్లేదు, విప్పి ఇస్తే చాలు."

"పేగులు కూడా ఇస్త్రీ చేసేవారా?" అన్నాడు ఎదురు బల్ల మీది టైలరు.

"నువ్వు కొలతలు తీసేవాడివి, నేను మరకలు చదివేవాణ్ని. వినవయ్యా. ఒక ఏడు ఇలాగే ఇదే వరస, మూడు టెస్టులు ఓడి నాలుగోదానికొచ్చారు. ఓపెనరు ప్యాంటు తీసి చూశాను, పొద్దున నేను వేసిన ఇస్త్రీ మడత వేసినట్టే ఉంది. అంటే ఏమిటి? ఏదో మర్చిపోయినవాడిలా గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మూడో వాడి ప్యాంటుకి వెనకవైపు గడ్డి పసరు, అంటే బంతి పైకి లేస్తే వీడు కింద కూర్చుంటున్నాడు. నాలుగో వాడి ఎడమ మోకాలి దగ్గర బట్ట కొత్తదిలా నిగనిగలాడుతోంది, ముందు కాలు వంచితే కదా నలగడానికి. ఐదో వాడికి కూర్చునే చోట ఆకుపచ్చ పెయింటు. తన వంతు వస్తుందన్న భయంతో బల్ల మీద అటూ ఇటూ జరిగి జరిగి దాని రంగంతా తుడిచేశాడు. ఆరో వాడి జేబులో ఇంటికెళ్ళే రైలు టికెట్టు, రెండో రోజు సాయంత్రం బండికి."

"టికెట్టు కూడా ఉతికేశారా అన్నయ్యా?" అంది కొట్టు ఆమె.

"ఆరేసి ఇచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూట అడుగున ఇంకో రెండు ప్యాంట్లు. కుడి తొడ మీద చెయ్యెడు పొడవున ఎర్రటి మరక, సాక్షాత్తూ బంతి రంగు. నా ఒళ్ళు ఝల్లుమంది. మిగతావాళ్ళు బంతిని చూసి పారిపోతుంటే ఈ ఇద్దరు ఒంటితో ఆపుతున్నారన్నమాట. పైగా వీళ్ళని ఎక్కడో చివర ఆడిస్తున్నారట. ఇంతలో జట్టు మేనేజరు తన కోటు కోసం కిందకి దిగొచ్చాడు. ఆయన ఎవరైతే నాకేం, అయ్యా, ఈ ఇద్దర్నీ ముందు దించండి అని చెప్పేశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లాండ్రీలో ఉండాల్సిన వాడివి కాదన్నాడు."

"మరెక్కడ ఉండాలన్నాడు?" అన్నాడు టైలరు.

"నీ నోటికి బొత్తాం కుట్టే చోట. మర్నాడు ఇద్దరూ దిగారు, పొద్దుగూకే దాకా అక్కడే ఉన్నారు. అవతలి బౌలర్లు మొదట మంచినీళ్ళడిగారు, తర్వాత కుర్చీలడిగారు, తర్వాత సెలవడిగారు."

అల్లుడు పెన్సిలు వేళ్ళ మధ్య తిప్పుతూ వింటున్నాడు. అది చూసి నాకు ఊపొచ్చింది.

"ఇక గంజి సంగతి వినండి. మూడో వాడు కింద కూర్చుంటున్నాడన్నాను కదా, వాడి ప్యాంటుకి మామూలు కన్నా రెండింతలు చిక్కటి గంజి పెట్టాను. ఆ మర్నాడు వాడు దిగాడు, బంతి లేచింది, కూర్చుందామనుకున్నాడు, ప్యాంటు ఒప్పుకోలేదు. నిలబడిపోయినవాడు బ్యాట్ అడ్డం పెట్టక ఏం చేస్తాడు? ఫోర్. మళ్ళీ కూర్చోబోయాడు, మళ్ళీ ఫోర్. సాయంత్రానికి ఎనభై. భోజనాల దగ్గర కూడా కుర్చీలో కూర్చోలేడు కదా, గోడకి ఆనించి తినిపించారు."

"ఎవరు తినిపించారు మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"పన్నెండో వాడు. వాడున్నదే అందుకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున మూడో వాడికి నూట మూడు జ్వరం. మనిషి మంచం మీద నుంచి లేవలేడు, ప్యాంటు మాత్రం గది మూల నిటారుగా నిలబడి ఉంది. మేనేజరు నా వైపు చూశాడు, నేను ప్యాంటు వైపు చూశాను. ఇద్దరు దాన్ని మోసుకెళ్ళి క్రీజులో నిలబెట్టి, నడుం పట్టీలో బ్యాట్ దోపి వచ్చేశారు."

దారిన పోయేవాళ్ళు ఇద్దరు ఆగి, వాళ్ళూ టీ చెప్పారు.

"అవతలి కెప్టెన్ ఒకటే గోల, లోపల మనిషి లేడంటాడు. అంపైరు నిబంధనల పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తిరగేశాడు. మనిషికి ప్యాంటు ఉండాలని ఉంది గానీ ప్యాంటుకి మనిషి ఉండాలని ఎక్కడా లేదు. సరే, బౌలరు పరిగెత్తుకొచ్చి వేశాడు, వెళ్ళి ప్యాంటుకి తగిలింది, ఎల్బీ అని అందరూ అరిచారు. అంపైరు వేలు ఎత్తబోయి దించేశాడు. కాలే లేనివాడికి ఎల్బీ ఎలా ఇస్తాడు, చెప్పండి? గాలి వీచినప్పుడల్లా ప్యాంటు కాస్త పక్కకి తిరిగేది, బంతి బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోయేది. మధ్యాహ్నానికి నూట పన్నెండు. అప్పుడు వాన మొదలైంది. గంజి నానింది. ప్యాంటు మెల్లగా నడుం దగ్గర వంగి, జనానికి దణ్ణం పెట్టి, అక్కడే పడుకుంది. గాయం వల్ల ఆట విరమించెను అని పుస్తకంలో రాసుకున్నారు."

బల్లల మీద నవ్వులు. టైలరు దగ్గుతూ గ్లాసు కింద పెట్టాడు. అల్లుడు కూడా నవ్వాడు, నవ్వుతూనే కాగితమూ పెన్సిలూ నా వైపు జరిపాడు.

"రేపటి వరస మీరే రాయండి మామయ్యా. ఇంతమంది ముందు ఇస్తున్నాను, మీరు రాసిందే ఆడతాం."

నేను కాగితం తొడ మీద పెట్టుకుని పది పేర్లు రాశాను. ఎవరు ఎక్కడో నాకు బాగానే తెలుసు, ఏళ్ళ తరబడి చూస్తున్నాను. అల్లుడు బౌలరు కాబట్టి చివర పదకొండో పేరు వాడిది పెట్టాను. ఆ కాగితం అంతటితో మడిచి ఇచ్చేస్తే కథ వేరేగా ఉండేది.

"ఒక్క సందేహం మామయ్యా" అన్నాడు అల్లుడు. "ఆ ఎర్ర మరక కుడి తొడ మీదన్నారు. చెయ్యెడు పొడవునా?"

"చెయ్యెడు. ఇంకా ఎక్కువే."

"బంతి వచ్చి తగిలితే చుక్క పడుతుంది గానీ అంత పొడవు పడదండీ. నా ప్యాంటుకీ అలాగే ఉంటుంది. దాన్ని ఉతకలేక మీ అమ్మాయి ప్రతి సోమవారం నన్ను తిడుతుంది. బంతికి మెరుపు రావాలని బౌలర్లం తొడకేసి రుద్దుతాం, ఆ రంగు అది. ఆ ఇద్దరూ బౌలర్లు. అందుకే చివర ఆడించారు."

చాలా మర్యాదగా చెప్పాడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"అయితే పదకొండేళ్ళు చదివింది ఒక్క ముక్కా అర్థం కాలేదన్నమాట పెద్దాయనా" అన్నాడు టైలరు. కొట్టు ఆమె పొయ్యి వైపు తిరిగింది, ఆమె భుజాలు కదులుతున్నాయి.

పొరపాటు పడ్డానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"ఎర్ర మరక ఉన్నవాడే ముందు దిగాలి. నీకుందన్నావు కదా" అని పదకొండో పేరు కొట్టేసి, అదే పేరు అన్నిటికన్నా పైన రాశాను.

"మామయ్యా, నేను పుట్టి బుద్ధెరిగాక నాలుగు పరుగులు దాటలేదు."

"ప్యాంటు ఇంటికి పంపించు. గంజి పెడతాను."

అల్లుడు కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నలుగురిలో ఇచ్చిన మాట కాబట్టి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు నేను గంజి పెట్టిన ప్యాంటు వేసుకుని ఓపెనింగు దిగాడు. రెండో బంతి కిందుగా వచ్చింది, వాడు వంగలేకపోయాడు, మధ్య వికెట్టు పడింది. అక్కడ మొదలైన వికెట్ల పతనం ముప్ఫై ఎనిమిది పరుగులకి అందరూ అవుటయ్యాక ఆగింది.

ఆ ఏడాది ఆదివారాలన్నీ గ్రౌండు ప్రెస్సు వీధి వాళ్ళది.