ఎర్రదొడ్డి చౌడక్క మిషనుకు మెమరీ తెచ్చింది

చౌడక్క అని ఒకామె ఉన్నింది అనుకో, ఎర్రదొడ్డిలో. నేసేవాళ్ళ ఇల్లే, కానీ ఆయమ్మ మగ్గం దిగి శానా కాలమైంది. ఏం చేస్తాదంటే, చీర మీద వచ్చే బొమ్మంతా కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా గీస్తాది. ఆ గళ్ళు చూసి మొగుడు ఓబులేశు అట్టలకు తూట్లు కొడతాడు, ఆ అట్టలు మగ్గం మీద జకార్డుకెక్కుతాయి, తూటు యాడుంటే ఆడ పోగు లేస్తాది. మీకు నేను చెప్పల్లా ఇదంతా? తెలీనోళ్ళు ఎవరన్నా ఉంటే వింటారని చెప్తాండా, నవ్వాకండి. సరే, ఒకనాడు సావుకారు గురప్ప వచ్చినాడంట. ఊర్లో మగ్గాలన్నిటికీ పట్టు ఇచ్చేది ఆయనే, నేసిన చీర ఎత్తుకుపోయేదీ ఆయనే. వచ్చి, అమ్మీ చౌడమ్మా, పెద్దింటి పెండ్లి చీర ఒకటుంది, కొంగు నిండా చెనక్కాయ తీగ పారల్ల, ఆకు కనపడల్ల, కాయ కనపడల్ల, భూమిలోకి దిగే ఊడ కూడా కనపడల్ల అన్నాడంట. సోమవారం సంతకొస్తా, అప్పటికి బొమ్మ చూపిచ్చినావంటే ఈ ఏడాది ప్రతి మగ్గానికీ బొమ్మ నీదే, లేదంటావా, బెంగుళూర్లో గీసేవాళ్ళు లేకపోలేదు, ఇంక నీ గడప తొక్కను అని, మగ్గానికి పోగులు అతికే ఆడోళ్ళు వింటా ఉండంగానే చెప్పి పోయినాడంట.

చౌడక్క కూచుని గీసింది గీసింది, తీగ పారింది, ఆకులొచ్చినాయి. కాయల కాడికొచ్చేసరికి కంప్యూటరు మిషను బిగుసుకుపోయింది. బాణం గుర్తు యాడున్నేది ఆడనే నిలిచిపోయింది. ఆపి మళ్ళా పెడితే రొంత సేపు బాగానే ఉంటాది, మళ్ళా కాయల కాడికే వచ్చి నిలిచిపోతాది. మొండి దున్నపోతు నీళ్ళలో కూచున్నట్ల కూచునింది అనుకో. ఏమిరా దీనికి రోగం అని తెలిసినోళ్ళకు ఫోను చేస్తే, నీ మిషనుకు మెమరీ చాల్లేదక్కా, కొంగు అంత పెద్ద బొమ్మ అది మోయలేదు, ఇంగొక మెమరీ పలక వేయించు అన్నారంట. ఈ మాట అత్త చెవినబడింది. ముసలామె ఏమనిందో తెలుసునా? జ్ఞాపకం లేకపోతే సరస్వతాకు నూరి పొయ్యరాదా అమ్మీ, మా నాయన మాకు పొద్దున్నే తాపేవాడు అనింది. నవ్వితే నవ్వండి, చౌడక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఏంటికంటే బొమ్మ బెంగుళూరికి పోతే తన పనొకటే పోదు, ఓబులేశు తూట్లు కొట్టే పని కూడా దానెంటే పోతాది. ఇంట్లో ఉండే రెండు పనులూ ఒకే పోగుకు కట్టినట్ల ఉండాయి. నేను మాత్రం పోనియ్యను, కాయలు గీసేదాకా నిద్దర పోను అని గట్టిగా అనుకునింది.

ఓబులేశు, నువ్వు గీస్తా ఉండు, నేను తెస్తా అని టవును పోయినాడంట. పోయినోడు అంగట్లో ఏమడిగినాడు? ఒక మెమరీ ఇయ్యప్పా, రొంత అగ్గవలో అన్నాడు. ఏ మిషనుకని వాడూ అడగలేదు, వీడూ చెప్పలేదు. మెరిసే డబ్బీలో పెట్టిచ్చినాడు, వీడు పెండ్లికొడుకు మాదిరి ఎత్తుకొచ్చినాడు. పలక అంటే ఎంతుంటాది, జానెడు కూడా ఉండదు, కింద ఇత్తడి పళ్ళు, పళ్ళ మధ్యన ఒక గాటు. మిషను మూత ఇప్పి పెడితే కూచోదంట. ఆ గాటు ఉండల్సిన చోట లేదు, బియ్యపుగింజంత పక్కకుంది. ఇంగొకరైతే ఏం చేస్తారు, ఎత్తుకుపోయి మార్చుకుంటారు. మనోడు మగ్గం పనోడు గదా! జకార్డులో సూది కూచోకపోతే ఆకురాయి పట్టిస్తాం, కొక్కెం పట్టకపోతే ఆకురాయి పట్టిస్తాం. మగ్గం మీద ఆకురాయికి లొంగనిది ఏముంది? చౌడక్క వంటింట్లో సంగటి కెలుకుతా ఉంటే ఈడ కర్ కర్ కర్ కర్ అని సద్దు. ఏమయ్యో ఏం గీకుతాండావ్ అనుకుంటా తెడ్డు పట్టుకొని బయటికొచ్చింది. వచ్చి చూస్తే ఓబులేశు పలకకు కొత్త గాటు పెడతాండాడు, ఇంగ రొంతే చౌడీ, కూచుంటాది చూడు అంటాండాడు. నీ చేతులకు జెష్ట పట్టా, అది సూది అనుకున్న్యావా, కొక్కెం అనుకున్న్యావా! పళ్ళన్నీ గీకి పారేస్తివి గదయ్యా అని ఆయమ్మ తెడ్డెత్తింది. కొట్టలేదులే. కొట్టింటే బాగుండు అన్నాడంట ఓబులేశు తర్వాత, ఆ చూపు కంటే తెడ్డే మేలని.

ఇట్ల కాదు, నేనే పోతా అని చౌడక్క లేచింది. మిషన్లో ఉండే పాత పలక ఉంది గదా, దాన్ని మెల్లిగా ఊడబీకి, మెత్తటి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకునింది. అద్దకానికి పోతే ఏం చేస్తాం మనం? ఫలానా ఎరుపు అని నోటితో చెప్తామా? చెప్తే వానెరుపు వేరే, మన ఎరుపు వేరే అయితాది. పాత పోగు చేతిలో పెట్టి దీనికి కలపరా అంటాం. ఆయమ్మా అదే చేసింది. ముందర టవున్లో అద్దాల తలుపులుండే పెద్ద కంప్యూటర్ల అంగడికి పోతే, ఆడ కుర్చీలో ఉండే పిల్లోడు పలకను ముట్టుకోను కూడా ముట్టుకోలేదంట. ఇది పాత తరంది ఆంటీ, కొత్త కంప్యూటరే కొనుక్కోండి, కంతులు కూడా ఉండాయి అన్నాడు. చౌడక్కకు రేగింది. కడవకు మూత అడిగేకొస్తే కడవ పగలగొట్టి కొత్తది కొనమంటావా నాయనా, నీ యాపారం చల్లగుండ అని మెట్లు దిగి వచ్చేసింది.

సందులో మస్తాన్ వలి అని ఒకాయనది రిపేరీ అంగడి. ఆయన జరిగిందంతా విని, పలకను తిప్పి చూసి, ఇది మూడో తరందక్కా, మీ ఇంటాయన తెచ్చింది నాలుగో తరంది అయ్యుంటాది, తరం మారితే గాటు మారతాది, అది దీంట్లో పోకూడదనే అట్ల పెట్టినారు అన్నాడు. మరి మూడో తరంది ఉందా అనింది చౌడక్క. ఉంది, వాడిందే, బాగుంటాది, నీ దాంట్లో ఉండేది నాలుగు జీబీ, దీంట్లో ఎనిమిది. అయితే పలకలు కూచునే నీ మిషను బోర్డు ఎనిమిది పడతాదో లేదో చూడల్ల, బోర్డు మీద ఏం రాసుందక్కా? అయ్యో, అది చూడలేదే! ఇంటికి ఫోను కలిపింది. ఏమయ్యా, మిషను లోపల పెద్ద పచ్చ బోర్డు మీద పెద్దచ్చరాలు ఏముండాయో చదువు. ఓబులేశు ఇంగ్లీషు అంతంతమాత్రం. నిచ్చెన మాదిరి ఒకటుంది చౌడీ, ఒకటే మెట్టుంది దానికి, పక్కన అరవై ఒకటి అన్నాడు. మస్తాన్ పక్కున నవ్వి, సరిపాయె, హెచ్ అరవై ఒకటి, ఎనిమిది పడతాది, పెట్టే చోట్లు రెండుంటాయి, పాతదొక దాంట్లో కొత్తదొక దాంట్లో అన్నాడు. అప్పుడు చౌడక్క వెనకాడింది. రెండు అద్దకాల పోగులు ఒక చీరలో పెట్టం గదా మనం, చార పడతాది. పాతది పారేసి రెండూ ఒకటే రకం తీసుకుందునా అని. ఆయన, వద్దక్కా, ఊరికే ఖర్చు, రెండిట్లో ఏది నిదానమో దాని నడకే నడుస్తాయి, జత ఎద్దుల మాదిరి, అంతే అన్నాడు. అయితే ఇది చీర కాదులే అనుకునింది చౌడక్క, పాతదాన్నే ఉంచుకునింది.

సరే ఇయ్యి అనిందా? అనలేదు! పట్టు కొనేటప్పుడు పోగు కాల్చి చూడకుండా కొంటామా అబ్బీ, నా పాతదీ నీ కొత్తదీ కలిపి నా ముందర పెట్టి చూపిచ్చు అనింది. నా మీద నమ్మకం లేదాక్కా అని మస్తాన్ ముఖం చిన్నబోయింది. నువ్వు మంచోడివే, పలక సంగతి నాకు తెలీదు గదా అనింది. మస్తాన్ రెండూ తన మిషన్లో పెట్టినాడు. కీక్, కీక్, కీక్. తెర నల్లగనే ఉంది. పళ్ళు రబ్బరుతో రుద్ది పెట్టినాడు, మళ్ళా కీక్ కీక్. పాపం మనిషికి చెమట పట్టింది. డబ్బాలో ఇంగొకటి వెతికి పెడితే అప్పుడు తెర వెలిగింది, నాలుగూ ఎనిమిదీ పన్నెండు అని చూపిచ్చింది. చెప్పిన రేటులో తగ్గిచ్చి ఇచ్చినాడంట. అదీ సిగ్గుకే, ఆయమ్మ అడగను కూడా అడగలేదు.

ఇంటికొచ్చి పలకల్ని రెండు పక్కలా టక్ టక్ అనేదాకా ఒత్తి, మీట నొక్కి, ఊపిరి బిగబట్టుకొని కాయల కాడికి పోయింది. నిలవలేదు! ఒక కాయ, రెండు కాయలు, ఊడలు, కొంగంతా పారింది తీగ. చౌడక్కకు కండ్లలో నీళ్ళు తిరిగినాయంట. ఓబులేశు వాకిట్లో నిలబడి, లోపలికి రావల్లో వద్దో తెలీక తొంగి చూస్తాంటే, రా రా, ఆకురాయి పక్కన పెట్టి రా అనింది.

సోమవారం గురప్ప వచ్చినాడు. పోగులు అతికే ఆడోళ్ళంతా చుట్టూ చేరినారు. బొమ్మ చూసినాడు, కింద నుంచి పైకి, పై నుంచి కిందికి. బాగుందమ్మీ, ఈ చీరకు ఇది ఖాయం అన్నాడు. మరి ఏడాదంతా ప్రతి మగ్గానికీ బొమ్మ నాదే అన్న్యావు గదా మామా అనింది చౌడక్క. గురప్ప తలకాయ గోక్కున్నాడు. అట్లన్న్యానా? ఎప్పుడన్న్యాను? నాకేం జ్ఞాపకం లేదే అన్నాడంట. సావుకారు బుద్ధి, యాడ పోతాది! చౌడక్క కోపం చేయలేదు. చేతిలోకి మరచుట్టు తీసుకునింది, మిషను మూత మరలిప్పేది. ఓస్, జ్ఞాపకం లేకపోవడమేనా మామా, అదెంత పని, రొంత తల వంచు, మూత ఇప్పి పాత పలక చూస్తా, నువ్వు ఏ తరమో తెలిస్తే మధ్యాన్నానికల్లా ఇంగొకటి తెచ్చి పెడతా అనింది. ఆడోళ్ళు నవ్వినారు సామీ, పోగులు తెంపుకొని నవ్వినారు. నవ్వి నవ్వి, మేం విన్న్యాం సావుకారూ, అంటివి అంటివి అన్నారు. గురప్ప రెండు చేతులూ తల మీద పెట్టుకొని, వద్దులే తల్లీ వద్దులే, వచ్చింది జ్ఞాపకం, ఏడాదంతా బొమ్మ నీదే అన్నాడంట.

అది సంగతి. మిషనుకు మెమరీ చాలకపోతే టవును పోయి తెచ్చుకోవచ్చు, అంగళ్ళుండాయి. మాట మరిచే సావుకార్లకు మాత్రం ఏ అంగట్లోనూ అమ్మరు, నలుగురి ముందర నిలబెట్టి మనమే ఎక్కియ్యల్ల. ఊఁ, లేయండి, అన్నం చల్లారిపోతాంది.