గుయ్యిమనని గిటార్

ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదురుసందులో షకీల్ గిటార్లు బాగుచేసే దుకాణం ఉంది. శివాని తన ఎలక్ట్రిక్ గిటార్‌ను అతని బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే ఉంది. తీగల కింద అమరి వాటి వణుకును పట్టి స్పీకర్‌కు పంపే పికప్‌ల గురించే ఆమె అడుగుతోంది. మొన్న ఆ గిటార్‌ను ఇక్కడికి తెచ్చి, తిరిగి తీసుకెళ్లింది ఆమె భర్త పరమేష్.

"మళ్ల అడుగుతున్న షకీల్. ఇవి నా పికప్‌లేనా?"

"నీవే అక్కా. ఇంకెవరివి ఉంటయ్? కూసో ముందు."

"కూసోను. తీగలు మార్చమని పరమేష్‌తోని పంపిన. తీగలు మార్చినవ్. ఇంకేం మార్చినవ్?"

"ఏం మార్చలే. జర సాఫ్ చేసిన, గంతే."

"నిన్న శేరిగూడ కాలేజీల పిల్లలకు నేర్పనీకి పోయిన. వైరు పెట్టంగనే, తీగ ముట్టకముందే నా గిటార్ గుయ్యిమంటది గదా? నిన్న ఒక్క చప్పుడు లేదు. కరెంటు పోయిందనుకున్న."

"మంచిదే గదా అక్కా! అందరు ఆ గుయ్యి పోవాల్ననే వస్తరు నా దగ్గరికి."

"నేను పోవాల్నన్ననా?"

"లే... అంటే, పికప్‌లను మైనంల ముంచిన. మైనం పడితే ఆ చప్పుడు తగ్గుతది."

"మైనం పడితే కీచుమనేది ఆగుతది. గుయ్యిమనేది ఆగది. ఎవరు చెప్పిన్రు నాకు గీ సంగతి?"

"నేనే. సరే గని, కాలేజోళ్ల స్పీకర్ ఎట్లాంటిదో ఏమో. దానితోనే—"

"స్పీకర్ మీద పెట్టకు. ఇంటికి పోయి నా దాంట్ల పెట్టి చూసిన. ఇదివరకు మెల్లగ మీటితే ఒక్కో తీగ ఇడివిడిగ ఇనొస్తుండె. గట్టిగ కొడితే గర్జిస్తుండె. ఇప్పుడు ఎట్ల కొట్టినా ఒక్కటే తీరు. లావుగ, ముద్దగ, నీళ్లెక్కువైన అన్నం లెక్క."

"కొత్తయి గట్లనే ఉంటయ్ అక్కా, రాగి వైరు జంటగ, మస్తు చుట్లు చుడ్తరు గదా, అందుకే—"

"కొత్తవా షకీల్?"

"చాయ్ చెప్పనా అక్కా?"

"చాయ్ వద్దు. ఎండకాలమంత ఇదే బల్ల కాడ కూసున్నం ఇద్దరం. ఒకటి పెట్టుడు, వినుడు, తీసుడు. పెద్ద పెద్ద కంపెనీలయి పెట్టినవ్, వద్దన్న. విసుక్కున్నవ్. ఆఖరికి కోయంబత్తూరాయన చేత్తోని చుట్టిన జత తెప్పిచ్చినవ్. పాతకాలపు తీరు, తక్కువ చుట్లు, బలం తక్కువున్న అయస్కాంతం. నేను ఒక్కసారి మీటినంక ఏమన్నవ్?"

"యాదికి లేదు."

"కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నవ్ రా. 'అక్కా, ఇయ్యి ఏం దాస్తలేవు, నీ చెయ్యి ఎట్లుంటే గట్ల చెప్తున్నయ్' అన్నవ్. యాదికి లేదా?"

"ఉంది."

"మరి యాడున్నయ్ అవి? అమ్ముకున్నవా?"

"తోబా! నీయి అమ్ముకుంటనా నేను?"

"అయితే ఇయ్యి."

"నా దగ్గర లేవక్కా."

"ఎవరి దగ్గరున్నయ్?"

"క్రాంతి గిటార్ల ఉన్నయ్."

"ఏ క్రాంతి? మా మరిది క్రాంతికుమారా?"

"అవ్."

"వాడు గిటార్ పట్టి ఏడాది కాలే! వానికెందుకు?"

"ఆదివారం తుర్కయాంజాల్‌ల రికార్డింగ్ ఉంది గదా..."

"ఏ రికార్డింగ్?"

"నీకు... పరమేషన్న చెప్పలేదా?"

"ఏ రికార్డింగ్ షకీల్?"

"మన బ్యాండ్‌దే. అక్కడి స్టూడియో సార్ మన పాట విన్నడు. అన్న పాడింది బాగుందన్నడు గని, గిటార్ చప్పుడు కాడ ఆగిపోయిండు. గిదే చప్పుడు కావాలె, గిది లేకుంటే పాట లేదన్నడు. అందుకే క్రాంతి గిటార్ల..."

"నాకేమో ఈ నెల ప్రాక్టీసే లేదన్నడు పరమేష్. వానలు, అందరు ఊర్లకు పోయిన్రు అన్నడు. అంటే నా చప్పుడు కావాలె. నేను వద్దు."

"గట్లనకు అక్కా."

"మరెట్లనాలె? పికప్‌లు తియ్యమన్నది ఎవరు? క్రాంతినా?"

"క్రాంతి కాదు. అన్న."

"పరమేషా?"

"అవ్. గిటార్ తెచ్చిన నాడే చెప్పిండు."

"నిన్న ఇంట్ల నా ఎదురుంగనే కూసున్నడు. 'ఏందో పోయింది పరమేష్ దీంట్ల, నా చెయ్యే చెడిపోయిందా' అని నేను ఏడుపు మొఖం పెట్టుకోని అడుగుతుంటే విన్నడు. కొత్త తీగలు గదా, జర పాతపడితే అదే సక్కగైతది అన్నడు. గంత నిమ్మళంగ అన్నడు. ఆయన సంగతి ఆయనతోని చూస్కుంట. నువ్వు చెప్పు. ఒక్క ఫోన్ చెయ్యొద్దా నాకు? అక్కా, ఇట్లంటున్నడు, తియ్యాల్నా అని ఒక్క మాట?"

"చేద్దామనే అనుకున్న. అన్న ఒట్టేపిచ్చుకున్నడు. మీ అక్కకు నువ్వు అడిగినవని తెలిస్తే ఇంకా కుములుతది అన్నడు. ఇడిచిపెడ్తనని తనే అన్నది, తన నోటితోని మీకు చెప్పలేక బాధపడ్తుంది అన్నడు."

"నేనన్ననా? ఏం ఇడిచిపెడ్తనన్న?"

"బ్యాండ్. గిటార్ గూడ కొన్ని దినాలు. డాక్టరమ్మ పెద్ద చప్పుళ్ల కాడికి పోవద్దన్నదంట గదా. నేను తప్పనుకోలే అక్కా, కసం. నీకు ఇప్పట్ల పని లేదు, ఊకె పడి ఉండుడెందుకు, నువ్వు మళ్ల వాయించేటప్పుడు పెడ్త అనుకున్న. నువ్వు గిట్ల వచ్చి అడిగేసరికి ఒట్టు యాదికొచ్చి అబద్ధాలాడిన."

"ఏ డాక్టరమ్మ?"

"బ్యాండ్‌ల అందరికి అన్ననే చెప్పిండు. ఎవ్వరు బయట అనొద్దు, మూడో నెల నిండాలె అన్నడు. మేమందరం సంబురపడ్డం. మా అమ్మ అయితే నీ పేరు మీద దువా చేస్తనే ఉంది రోజు."

"మూడో నెల ఎవరికి?"

"నీకే అక్కా. నువ్వు కడుపుతోని ఉన్నవ్ గదా."

"నేను కడుపుతోని లేను, షకీల్."