మోకాళ్లకు దురదగొండి

వెస్ట్ వర్జీనియాలో బొగ్గు గని మూతపడిన ఓ కొండ ఊరు. పొద్దున ఎనిమిదింటికి, వంటింటి వెనక వరండాలో పంట్లాం తొడల దాకా మడిచి కూర్చున్నాడు ముసలి డెల్మర్. ఎదురుగా, తోలు చేతితొడుగులు వేసుకుని, అప్పుడే కోసుకొచ్చిన దురదగొండి కట్టతో అతని పెళ్లాం ఓర్ఫా.

“అబ్బా! చచ్చాన్రా దేవుడా! మెల్లిగా కొట్టవే!”

“మెల్లిగా కొడితే దద్దురు లేవదు. దద్దురు లేవకపోతే నొప్పి దిగదు. మీ అమ్మ నేర్పిన వైద్యమే, నా సొంతం కాదు.”

“మా అమ్మ మా నాన్నని ఇంత ఇదిగా కొట్టేది కాదు.”

“ఆయన మీద ఆవిడకి ప్రేమ. కాలు చాపు.”

“దీని బదులు ఆ మిరపకాయల తైలం రాయరాదూ?”

“రెండు సీసాలు రాశాను. మంట నీకు, కంపు నాకు, నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే. ఆవపిండి పట్టు వేస్తే తోలు ఊడింది. మాత్రలిస్తే కడుపులో మంటన్నావు. పదింటికల్లా లేచి నిలబడాలని నువ్వేగా అన్నావు? అంత తొందరగా పనిచేసేది ఇదొక్కటే. చాపు!”

“అమ్మో! అమ్మో! ఓర్ఫా, ఒక్క నిమిషం... ఒక్క నిమిషం ఆగవే!”

“ఆగమని నేనెన్నిసార్లు అన్నాను? నువ్వు ఆగావా?”

“అదిగో, మొదలెట్టావు. నలభై ఏళ్ల నాటి మాట.”

“నీకు నలభై ఏళ్లు. ఈ భుజం పైకి లేపినప్పుడల్లా నాకు నిన్నటి మాటే.”

“గనిలోంచి వచ్చేవాణ్ణి, తాగేవాణ్ణి. అందరూ తాగేవాళ్లే.”

“అందరూ బెల్టు తీశారా? అడ్డమొచ్చిన మరదలి మణికట్టు విరిచారా?”

“లెటాని నేనేం చెయ్యలేదు. అది దానంతటది పడి...”

“ఏంటీ? వినపడలా.”

“అబ్బబ్బా! సరే, సరే! నేనే! నేనే విరిచాను! చాలా?”

“చాలదు. రెండో మోకాలు.”

“నీకు సరదాగా ఉందే ఇది.”

“ఉంది. లేదని ఎవరన్నారు?”

“రాక్షసివి.”

“చేసుకున్నవాడికి చేసుకున్నంత. కదలకు.”

“ఓర్ఫా, ఆ రోజు వెళ్తూ వెళ్తూ నీ చెల్లెలు ఏమందో గుర్తుందా? ‘నువ్వు పాకే రోజు చూస్తాను బావా’ అంది. అందుకే నా తాపత్రయమంతా. దాని ముందు చచ్చినా పాకను. వాకిట్లో నిటారుగా నిలబడి ‘రామ్మా లెటా’ అనాలి.”

“నాతో ఇంకో మాట కూడా అంది. ‘ఈ మనిషి బతికుండగా నీ గడప తొక్కనక్కా’ అని.”

“కోపంలో ఎవరైనా అంటారు. వయసు మీద పడింది, మెత్తబడింది. వస్తున్నానని ఉత్తరం రాసిందిగా?”

“రాసింది. ఒక్క కడుపున పుట్టినదాన్ని, అది ముసలిదవడం ఫొటోల్లో చూశాను నేను. మా వాళ్లలో మిగిలింది అదొక్కతే.”

“నా గురించి ఏమైనా రాసిందా?”

“సగం కాగితం నీ గురించే.”

“ఏమని? ఏమని రాసింది?”

“పిక్క వెనకాల మిగిలింది. తిరుగు.”

“అమ్మా! ఏడిపించకే. తిట్టిందా?”

“లేదు. ఒక్క తిట్టు లేదు.”

“చూశావా! నే చెప్పలా? ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేశావా? ఓర్ఫా... దాన్ని క్షమించమని అడిగితే మరీ చిన్నతనంగా ఉంటుందంటావా?”

“నన్నెప్పుడైనా అడిగావా?”

“నీదేముందే, ఇంట్లో మనిషివి.”

“ఊఁ. లే. నిలబడు చూద్దాం.”

“ఆగు... పట్టుకో... ఆఁ. వద్దు, వదిలెయ్! ఓర్ఫా, లేచానే! ఒళ్లంతా మంట, కానీ నొప్పి లేదు! కర్ర లేకుండా, చూడు!”

“మెట్లు దిగు.”

“దిగా! ఇదిగో, ఎక్కా కూడా! పాతికేళ్ల కుర్రాణ్ణయిపోయా! ఆ చొక్కా పట్రా, వేళవుతోంది.”

“చొక్కా వద్దు, ఈ కోటేసుకో. డబ్బాలో చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె పెట్టాను. కొండమీద వేటగాళ్ల గుడిసెలో కూర్చో. నేనొచ్చి పిలిచేదాకా దిగకు.”

“కొండేమిటే, నీకు మతిపోయిందా? పదింటికి లెటా...”

“లెటా అన్నమాట తప్పే మనిషి కాదు డెల్మర్. మొన్న చలికాలంలో నువ్వు పోయావని రాశాను, అందుకే వస్తోంది. నడు, కాళ్లు మళ్లీ పట్టేసేలోపు.”