ఒంటివెచ్చన

అకితా రేవులో బియ్యపు మద్యం సాకేను వెచ్చజేసి పోసే చిన్న కొట్టు ఆమెది. చలికాలమంతా సముద్రం మీదున్న పడవవాడు ఆ సాయంత్రం తలుపు తీసి లోపలికొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"కాల్చిన ఉప్పుచేప, దాంతో ఒంటివెచ్చన సాకే. గుర్తుందా?"

"నువ్వే మర్చిపోయావనుకున్నా. ఇదిగో, తాగు."

"అబ్బా, వేడెక్కువైంది! ఒంటివెచ్చనంటే మనిషి ఒంటికున్నంత. ఇట్లాగైతే చేప రుచేం తెలుస్తుంది?"

"ఎప్పటిలాగే కూజా చెంపకానించి చూశానయ్యా. సరిగ్గా నా చెంపంతే ఉంది."

"అయితే నీకు జ్వరం."

"పొద్దున లేదు."

"మరి ఎప్పట్నుంచి?"

ఆమె చేపను నిప్పుల మీద తిరగేసింది.

"నువ్వు తలుపు తీసినప్పట్నుంచి."

అతను సాకే గిన్నెను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"తెల్లారి మళ్ళీ పడవెక్కాలి."

"తెలుసు. చల్లారకముందే తాగు."