నీళ్ళు దిగని ఇల్లు

తలుపు కొట్టకు. ఎంతసేపు కొట్టినా తీయడానికి కింద ఎవరూ లేరు. తోసుకుని లోపలికి రా. వచ్చావా? ఇప్పుడు తలెత్తు. ఇంకాస్త. కప్పులో చదరంగా కంత ఉంది చూడు, అందులోంచి కనిపిస్తున్న మొహం నాదే. దెయ్యాన్ని చూసినట్టు చూడకు.

నువ్వు యాత్రికుల ఆఫీసు పిల్లవి కదూ? నీ పేరు ఖ్వే. కొబ్బరి మిఠాయి అమ్మే ఆవిడ మనవరాలివి. మీ నాయనమ్మ మిఠాయిలో కొబ్బరి తగ్గించి చాలాకాలమైంది, నేనన్నానని చెప్పు. ఏం ఫరవాలేదు, తనకీ తెలుసు.

నువ్వెందుకు వచ్చావో నాకు తెలుసు. దీపాల కొట్టు బ్యూ మీ కాగితాన్ని నిన్న వీధిలో నిలబడి, ఊరంతటికీ వినపడేలా చదివాడు. హోయ్ ఆన్ ఊరికి రావడానికి మంచి కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. అక్టోబరు, నవంబరుల్లో రాకండి, వరదలు. "రాకండి" అట. మా వీధికి ఎవరు రావాలో, ఎప్పుడు రావాలో మీ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని తేల్చేశారన్నమాట. ఇప్పుడు పాత ఇళ్ళవాళ్ళ మాట కూడా వేసుకుంటే అందంగా ఉంటుందని నిన్ను పంపారు.

నా మాట అక్టోబరు. రాసుకో.

నవ్వుతావేం? సరే, ఎందుకో చెబుతాను. చిన్న కథే. నీ స్కూటరు చల్లారేలోపు అయిపోతుంది.

అసలు మీ మంచికాలంలో ఏముంది చెప్పు? ఇదే కదా మీ మంచికాలం, ఇప్పుడు నడుస్తున్నది. పొద్దున లేస్తే మన గోడకి ఆనుకుని ఎవరో పెళ్ళికూతురు. మొగుడు కాలు మడిచి నిలబడతాడు, ఆవిడ గొడుగు తిప్పుతుంది, ఫోటోలు. నిన్న వచ్చిన పిల్ల అదే గోడకి అయిదోసారి ఆనుకుంది, గోడ రంగంతా ఆమె వీపుకే. పొద్దుపోతే నదిలో కాగితం దీపాలు వదులుతారు, కోరికలు కోరుకుంటారు. తెల్లారి ఆ కోరికలన్నీ వల వేసి ఎత్తేది పడవ లూక్. వాడికి నడుం నొప్పి. ఎవరి కోరిక ఎంత బరువో వాణ్ణి అడగండి.

ఎండాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. జూన్‌లో వచ్చే తెల్లవాళ్ళు ఉడికించిన రొయ్యల్లా ఉంటారు. దర్జీవాళ్ళు వాళ్ళకి ఉన్ని కోట్లు కొలుస్తుంటారు. కొలిపించుకునేవాళ్ళని అనాలా, కొలిచేవాళ్ళని అనాలా?

ఎక్కడున్నాను? ఆ, అక్టోబరు.

కింద ఎడంపక్కన అడ్డగోడ ఉంది చూశావా? ఇది ఒకప్పుడు ఒకటే ఇల్లు. మా ఆయన, మా మరిది, అన్నదమ్ములిద్దరూ ఒక ఏడు మా మామగారి తద్దినం భోజనంలో పోట్లాడుకున్నారు. దేనికో తెలుసా? పెదనాన్నని ఎవరి పక్కన కూర్చోబెట్టాలని. ఆ పెదనాన్నకి చెవుడు, ఎక్కడ కూర్చోబెట్టినా ఒకటే. మరుసటి వారం గోడ లేచింది. పంచుకున్నారు కూడా ఎంత తెలివిగానో. మేడమెట్లు వాళ్ళ వైపు వెళ్ళాయి. ఈ కంతా, ఈ గిలకా మా వైపు మిగిలాయి. మేడ మీద మాత్రం గోడ కట్టలేదు. ఇటుకలు మొయ్యలేవు దూలాలు.

వరదొస్తే సామాను నా గిలక మీదే పైకి రావాలి, మనుషులు ఆవిడ మెట్లెక్కే రావాలి. అందుకని మేస్త్రీ గోడలో ఒక తలుపు పెట్టాడు. దానికి రెండు వైపులా గడియలు. అన్నదమ్ములకి అది పెద్ద న్యాయంగా తోచింది.

ఆవిడంటే న్యాన్. నా తోడికోడలు. మెత్తని మనిషి, కోడిని అదిలించాలన్నా ముందు దాని అనుమతి అడుగుతుంది. మా ఇద్దరికీ ఏ తగాదా లేదు తల్లీ. మొగుళ్ళు మాట్లాడుకోవద్దన్నారు, మానేశాం. తర్వాత వాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. అప్పుడైనా మాట్లాడొచ్చు కదా అంటావు. ఎవరు ముందు? నేను పెద్దదాన్ని, నేనెందుకు మొదలెట్టాలి? తను చిన్నది, పెద్దవాళ్ళు పిలవకుండా ఎలా వస్తుంది? అలా మర్యాదల్లో ఏళ్ళు గడిచిపోయాయి.

వరదలో ఆ లెక్క లేదు. నీళ్ళు గడప తాకగానే నా వైపు గడియ నేను తీస్తాను, తన వైపు తను తీస్తుంది. ఇద్దరం పోయిన పెద్దల పూజపీటలు పైకెత్తి పక్కపక్కన పెడతాం. ఒకటే కుంపటి. తను వండే ఎండుచేపల పులుసుకి నేను వంక పెడతాను, నా అన్నం మాడిందని తను మెల్లిగా అంటుంది. వంక పెట్టేవాళ్ళుంటేనే కదమ్మా వంట రుచి. వరద వెనక్కి తీసేటప్పుడు ఆ నీళ్ళతోనే, చీపుళ్ళు పట్టి బురద కడగాలి, ఆరితే రాయైపోతుంది. అంతా కడిగాక పీటలు దించి, మళ్ళీ గడియలు వేసుకుంటాం. ఇప్పుడు తెలిసిందా నా అక్టోబరు?

మొన్న అక్టోబరు మొదట్లో తన కూతురు యెన్ వచ్చింది. దనాంగ్ పట్నంలో ఉంటుంది. నేనేం గోడకి చెవి పెట్టలేదు, గోడే పల్చన. "అమ్మా, పండగ తర్వాత నాతో వచ్చెయ్. మా బిల్డింగుకి లిఫ్టుంది. ఈ సగం ఇల్లు కాఫీ హోటలు వాళ్ళకి ఇచ్చేద్దాం" అంటోంది. న్యాన్ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే జనం సరేనన్నట్టు తీసుకుంటారు. జీవితమంతా అలాగే తీసుకున్నారు.

ఆ రాత్రి నుంచి నేను నదివైపే చూస్తూ కూర్చున్నాను. దేవుడా, ఒక్క వరద. పెద్దది అక్కర్లేదు, మోకాలి లోతు చాలు.

ఒక సాయంత్రం మైకులో చెప్పారు, పైన ఆనకట్ట నీళ్ళు వదులుతున్నారు, అందరూ సర్దుకోండని. ఇంకా నీళ్ళు బజారు మెట్ల దగ్గరే ఉన్నాయి, నేను గడియ తీసేశాను. అటు గడియ కూడా అప్పుడే తీస్తున్న చప్పుడు. కుర్చీలు, బియ్యం, చేప ఊట కుండ, అన్నీ గిలక మీద పైకి. పీటలు ఎక్కించాం, అగరొత్తులు వెలిగించాం, కూర్చున్నాం.

నీళ్ళు రాలేదు.

బజారు మెట్ల మీద కూరగాయలవాళ్ళ చెప్పులు తడిపి వెనక్కి వెళ్ళిపోయాయి. పొద్దున్నే బ్యూ వీధిలోంచి అరిచాడు, "అమ్మమ్మలూ, దిగండి, రోడ్డు పొడిగా ఉంది" అని. నేను, ఇంకా రావచ్చులే అన్నాను. న్యాన్ కుంపటి విసురుతూనే ఉంది. నవంబరు కూడా అలాగే గడిచింది. ఊరు మమ్మల్ని చూసి నవ్వుకుంది. నవ్వుకోనీ. మేమూ ఊరిని పైనించి చూస్తే నవ్వొచ్చేదే. ఎవరి బట్టతల ఎంతో ఇక్కణ్ణించి బాగా తెలుస్తుంది.

తేత్, మా కొత్త సంవత్సరం పండగ, అయ్యాక యెన్ లారీ తెచ్చింది. ఇద్దరు కూలీలు, అట్టపెట్టెలు. ఇదిగో, నువ్వు నిలబడ్డ చోటే నిలబడి, "అమ్మా, దిగు, వెళ్దాం" అంది.

నేను నోరు తెరవలేదు. ప్రమాణం. ఆ పిల్ల తన కూతురు, నా నోరు అక్కడ చెల్లదు.

న్యాన్ లేచి కంత దగ్గరికి వచ్చింది. చొక్కా అంచుతో చేతులు తుడుచుకుంది. అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడి ఉండదు. "ఎలా దిగను తల్లీ? పెద్దలు పైన ఉన్నారు. వెనక్కి తీసే వరదనీళ్ళతో ఇల్లు కడిగితే తప్ప పీటలు దించకూడదని మీ నాయనమ్మ నియమం. నీళ్ళే రాలేదు. దేనితో కడగను?"

యెన్ నా వంక చూసింది. ఒట్టు, ఆ ముక్క నేను నేర్పలేదు. నాకు తట్టి ఉంటే అక్టోబరులోనే వాడుకునేదాన్ని.

పిల్ల పంపు నీళ్ళతో కడుగుతానంది. న్యాన్ తల అడ్డంగా ఊపింది. కూలీలు, పెద్దల విషయమమ్మా, మేం ముట్టుకోం అని లారీ ఎక్కేశారు. పీటలున్న ఇల్లు కాఫీ హోటలువాళ్ళూ వద్దన్నారు.

అదీ సంగతి. అప్పుడు ఎక్కినవాళ్ళం ఇంకా దిగలేదు. కూరలూ బొగ్గులూ బుట్టలో వస్తాయి. అడ్డగోడ తలుపు బార్లా తీసే ఉంది, దాన్లోంచి వీధి పిల్లులు తిరుగుతున్నాయి.

నీ పుస్తకంలో అక్టోబరు అని వెయ్యి. వచ్చేవాళ్ళు పడవలో వచ్చి, ఈ కిటికీ ఊచకి తాడు కట్టుకుని పైకి రావచ్చు, భోజనం పెడతాం. వేయనంటావా? పోనీలే. నీ కాగితం, నీ ఫ్యాను.

రాబోయే అక్టోబరులో నీళ్ళొస్తే ఏం చేస్తారంటావా? నెమ్మదిగా అడుగు, ఆవిడ కునుకు తీస్తోంది.

ఆ సంగతి మేం ఇద్దరం మాట్లాడుకోలేదు. నిన్న మాత్రం బ్యూ కింద ఏదో కడుగుతుంటే, న్యాన్ మా ఇంటి చీపుళ్ళు రెండూ కుంపట్లో వేసింది. అన్నం బాగానే ఉడికింది.