మా ఆవిడ నొప్పి

డాక్టరు గది. బల్లకి ఇవతల వ్యాసకర్త, ఆయన భార్య.

“ఆగండాగండి. ‘కుడి డొక్కలో పొడుస్తోంది’ అన్నారా? మీ ‘మా ఆవిడ నొప్పులు’ మొట్టమొదటి వ్యాసం మొదలయ్యేదే ఈ మాటతో! ఫొటోలో చూసిన మొహమే అనుకుంటూనే ఉన్నాను, గురువుగారూ.”

“నేనే, డాక్టరుగారూ. ఇప్పుడా సంగతి...”

“వారపత్రిక రాగానే మా ఇంట్లో ముందు మీ పేజీయే తిప్పుతారు. పక్కింటావిడకి జ్వరమొస్తే ఈవిడ దుప్పటి కప్పుకోవడం! పన్ను నొప్పంటూ కాలికి కట్టు కట్టుకోవడం! అమ్మా, ఆవిడ మీరేనా?”

“నేనే, బాబూ.”

“పొట్ట చెక్కలయ్యేదనుకోండి.”

“తెల్లవార్లూ మెలికలు తిరిగిపోయిందండీ. మంచినీళ్ళు కూడా...”

“అదీ రాశారుగా! సినిమాకి తీసుకెళ్తే ఇంటర్వెల్ కల్లా తగ్గిపోయింది.”

“అది కల్పన.”

“సరే, గ్యాసుకి మాత్ర రాస్తాను.”

“మాత్ర వద్దు. చెయ్యి వేసి చూడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“అయ్యయ్యో! ఇది వచ్చే వారానికా ఏమిటి?”

“రాయను. ఇంకెప్పుడూ రాయను. వినండి, అవన్నీ అబద్ధాలు. పన్ను నొప్పి నాది. దుప్పటి కప్పుకున్నది నేను. వారం వారం పేజీ నిండాలి, ఏం రాయను? ఎదురు చెప్పే మనిషి కాదు కదా అని దీని మీదే రాసుకుంటూ పోయాను. పుస్తకాలేశారు. కూరల బండివాడు కూడా ‘అమ్మగారికి ఈవారం ఎక్కడ నొప్పి సార్’ అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. కానీ ఇది... ఇది ఈ జన్మలో ఒక్కసారి నొప్పని మూలిగిన మనిషి కాదు డాక్టరుగారూ.”

“నిజంగానా?”

“నువ్వైనా చెప్పవే. అబద్ధాలని చెప్పు. నోరు విప్పు, నీకు దణ్ణం పెడతాను.”

“అరవకండి. నేను బానే...”

“బావున్నావా? చెమటలు చూడు! డాక్టరుగారూ, చూడండి!”

“అమ్మా, మీరిలా వచ్చి ఈ మంచం మీద పడుకోండి. ఇక్కడేనా? నొక్కితే? సరే, సరే, నొక్కను. ఎప్పట్నించీ ఇది?”

“నిన్న సాయంత్రం నుంచండీ.”

“మిమ్మల్ని కాదు. అమ్మా, మీరు చెప్పండి.”

“నాకు లెక్క తెలీదు బాబూ. ఏమండీ, మొదటి వ్యాసంలో మాట మాత్రం నేను నిజంగానే అన్నాను. అది రాసి ఎన్నేళ్ళయింది?”